దొర కాసు వెనకవైపు

వంపురేవు ఆశ్రమంలో గోవిందమాంబ గారిని ఏదైనా ప్రశ్న అడిగితే, ముందు దొరికేది జవాబు కాదు, పత్తి. "కాస్త ఈ వత్తులు చేస్తూ కూర్చోమ్మా, చెబుతాను" అని గింజ తీసిన దూది గుప్పెడు ఒళ్ళో పెట్టేవారు. వత్తులు పూర్తయ్యేసరికి కొందరికి తమ ప్రశ్న సగం విడిపోయేది. కొందరికైతే అసలేం అడిగామో గుర్తుండేది కాదు. ఇంకా గుర్తున్నవాళ్ళకు కూడా ఆవిడ శాస్త్రం చెప్పేవారు కారు. ఆ పూట ఆశ్రమంలో ఏం జరిగితే దాన్నే చూపించి ఊరుకునేవారు. అక్కడ వంట చూసే ఆదెమ్మ మాత్రం, "మనకు వేదాంతం వచ్చినా రాకపోయినా, కార్తీకంలో వత్తులకు మాత్రం లోటు లేదమ్మగారూ!" అని వేళాకోళం చేసేది. అమ్మగారు కూడా నవ్వేవారు. ఆశ్రమమంటే పెద్దదేమీ కాదు. కృష్ణ ఒడ్డున రెండు పెంకుటిళ్ళు, రాములవారి పటం ఉన్న ఒక పందిరి, అంతే. ఏటికి అటూ ఇటూ ఊళ్ళ ఆడవాళ్ళు పనులు తెముల్చుకుని పడవ మీద వచ్చేవాళ్ళు, మళ్ళీ పడవ మీదే పోయేవాళ్ళు.

ఆ వచ్చేవాళ్ళలో శేషారత్నం గారొకరు. ఏటి అవతల పెద్ద రైతు ఇంటి కోడలు, అప్పటికి పాతికేళ్ళ లోపు పిల్ల. ఏకాదశి ఏకాదశికీ వచ్చి, రెండు మాటలు విని, నాలుగు పనులు చేసి వెళ్ళేది. ఆ ఏడు కార్తీక పున్నమినాడు మాత్రం పొద్దున్నే మొదటి పడవకే దిగింది. చేతిలో బట్టల సంచి ఉంది. పండగ కాబట్టి మెళ్ళో పొడవాటి గొలుసూ, దానికి వేలాడుతూ ఒక బంగారు కాసూ ఉన్నాయి. నమస్కారం చేసి, సంచి పక్కన పెట్టుకుని, పందిట్లో ఒక మూల కూర్చుంది. సంచి చూసి ఆదెమ్మ కనుబొమ్మలెత్తింది కానీ, అమ్మగారు ఏమీ గమనించనట్టే దూది ఇచ్చారు.

శేషారత్నం దూది పట్టుకుంది గానీ వత్తి చెయ్యలేదు. "అమ్మగారూ, నోరొకటి మాట్లాడుతూ, మనసొకటి చేస్తూ ఉంటే దాన్ని కపటం అనే కదా అంటారు?" అని అడిగింది.

"ఎవరి నోరు తల్లీ?"

"నాదే. మా ఇంట్లో పొద్దున లేచింది మొదలు నోరు ఊరుకోదు. కూలీలకు సద్ది కట్టాలి, వచ్చినవాళ్ళకు కాఫీలివ్వాలి, 'రండి పిన్నీ, బాగున్నారా బావగారూ' అంటూ నవ్వాలి. పాలేరు ఆలస్యం చేస్తే కేకలెయ్యాలి. వెయ్యకపోతే మా అత్తయ్య నా మీద వేస్తుంది. ఇదంతా చేస్తూనే లోపల నామం నడుస్తూ ఉంటుంది. నడుస్తోందని ఒక్కోసారి సంతోషం, ఒక్కోసారి సిగ్గు. ఇద్దరు మనుషులుగా బతుకుతున్నట్టు ఉంటుంది. బయట మనిషి నిలబడి ఉంటే లోపలి మనిషి తలకిందులుగా వేలాడుతున్నట్టు ఉంటుంది. ఈ రెండూ పడక వచ్చేశానమ్మగారూ. ఇక్కడే ఉండిపోతాను. ఇంత అన్నం పెట్టండి, ఏ పనైనా చేస్తాను."

"మీ ఆయన?"

"ఆయన మంచివారే. చేలో ఉన్నంతసేపూ" అంది శేషారత్నం. ఆదెమ్మ ఫక్కున నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శేషారత్నం తన మెళ్ళోంచి గొలుసు తీసి, కొసల్ని వేళ్ళతో పట్టుకుని ముందుకు చాపింది. కాసు గాలిలో వేలాడుతూ ఎండకు మెరిసింది. "ఇది వాళ్ళ సొత్తు. నేను ఉండిపోతున్నప్పుడు నా మెళ్ళో ఉండకూడదు. ఎవరి చేతనైనా మా అత్తయ్యకు పంపించండి."

అమ్మగారు చెయ్యి చాపలేదు. "ఏమిటిది? చూడబోతే మన కాసులా లేదే" అన్నారు.

అప్పుడు శేషారత్నం ఆ కాసు సంగతి చెప్పుకొచ్చింది. దాన్ని ఆ ఇంట్లో దొర కాసు అంటారు. వాళ్ళ ముత్తాతల్లో ఎవరో వానలు పడ్డాక మిరపచేను దున్నుతుంటే నల్లమట్టిలోంచి నాగలికర్రుకు తగిలిందట. ఒకవైపు దొర తల ఉంటుంది. పక్కకు తిరిగిన ముఖం, కోటేరు ముక్కు, తలచుట్టూ ఆకుల దండ, దండ కట్టిన రిబ్బను కొసలు మెడ వెనక జారుతూ ఉంటాయి. చుట్టూ ఎవరికీ చదవడానికి రాని అక్షరాలు. చెంప మీద పెద్ద గాటు. మేలిమా కాదా అని చూడటానికి పూర్వం ఎవరో పెట్టారని ఒకరంటారు, పరాయి రాజు పెత్తనం ఇక్కడ సాగదని పెట్టారని ఒకరంటారు. వెనకవైపు ఒక స్త్రీ కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఒక చేతిలో పొడవాటి దండం, ఒక చేతిలో ఆకుల కొమ్మ. ఆ కొమ్మను తామరతూడు అనుకుని ఆ ఇంటి ఆడవాళ్ళు ఆవిడను లక్ష్మీదేవి అనుకున్నారు. పేరు మాత్రం కూర్చున్నమ్మ అని పెట్టుకున్నారు. కోడలు రాగానే అత్తగారు తన మెళ్ళోది తీసి కోడలి మెళ్ళో వెయ్యడం వాళ్ళ ఆనవాయితీ. కాకపోతే ఈ అత్తగారు, సీతారావమ్మ గారు, కాసును పెట్టెలో దాచి పండగలకూ పెళ్ళిళ్ళకూ మాత్రమే తీసి, స్వయంగా కోడలి మెళ్ళో వేసి, ఇల్లు చేరగానే తీసేసుకునేది. అందువల్ల శేషారత్నం దాన్ని అద్దంలో చూసుకోవడమే గానీ, తీరిగ్గా చేతిలోకి తీసుకున్నది లేదు.

"పోయిన దసరాకు మా మరిది వచ్చాడండీ, గుంటూరు కాలేజీలో చరిత్ర చెబుతాడు. పదిమందిలో గొలుసు పట్టుకుని ఇదిగో ఇట్లాగే వేలాడదీసి చూశాడు. దొర రోము చక్రవర్తట, తైబీరియస్సో ఏదో పేరు. వెనకున్నావిడ వాళ్ళ శాంతిదేవతని కొందరూ, ఆ రాజు తల్లేనని కొందరూ అంటారట. అంతవరకూ బాగానే ఉంది. కాసును అటు తిప్పి, 'వదినా, మీ అమ్మవారు తలకిందులుగా వేలాడుతోందే!' అన్నాడు. నిజమే. గొలుసు ఎక్కించే బెజ్జం దొర తలవైపు పెట్టారు. దొర నిటారుగా ఉన్నాడు, వెనక కూర్చున్నమ్మ కాళ్ళు పైకీ తల కిందికీ. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కంసాలి చేత ఆ బెజ్జం పూడ్పించి, అమ్మవారి తలవైపు కొత్తది పెట్టిద్దామని మా అత్తయ్యను బతిమాలాను. ఇంతెత్తున లేచింది. 'దొర సరిగ్గా ఉన్నాడుగా, చాలు. ఆ బెజ్జం జోలికెళ్ళావంటే ఊరుకునేది లేదు' అంది. అప్పుడు అర్థమైందమ్మగారూ నాకు. ఆ ఇంట్లో నలుగురికీ కనపడే దొర నిటారుగా ఉంటే చాలు. లోపలి అమ్మవారు ఎట్లా వేలాడినా ఎవరికీ పట్టదు. నా బతుకూ అంతే."

అమ్మగారు ఆమె చెప్పినదంతా విని, చేతిలో వత్తి పూర్తి చేసి బుట్టలో వేశారు. "ఇది నేను పంపించే వస్తువు కాదమ్మా. వేసిన చేతులే వచ్చి తీసుకోవాలి. ఆదెమ్మా, నువ్వు పడవెక్కి వెళ్ళి సీతారావమ్మ గారిని ఒకసారి రమ్మని చెప్పు."

"ఏమని చెప్పమంటారు? మీ కోడలు సన్యాసం పుచ్చుకుంటోంది, కాసు పట్టుకుపొమ్మనా?"

"ఉన్నమాట చెప్పు. నీకు ఎట్లాగూ వేరే విధంగా చెప్పడం రాదుగా."

ఆదెమ్మ గొణుక్కుంటూ రేవుకు పోయింది. శేషారత్నం గొలుసును గుడ్డలో చుట్టి దగ్గర పెట్టుకుని వత్తులు చెయ్యడం మొదలుపెట్టింది. మొదట్లో చేసినవన్నీ విడిపోయాయి. అమ్మగారు వాటిని మళ్ళీ దూదిగా విప్పి, తిరిగి ఇస్తూ వచ్చారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆదెమ్మ వెంట సీతారావమ్మ గారు పడవ దిగింది. భారీ మనిషి. రేవు మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది, అయినా మాట ఆగలేదు. "ఏం అమ్మగారూ, మా కోడలికి ఏం మంత్రం పెట్టారు? పున్నమిపూట ఇంటినిండా చుట్టాలు. గారెలకు పప్పు నానేసి ఉంది. రుబ్బాల్సిన మనిషి ఇక్కడ వత్తులు చేసుకుంటోంది. ఏమే, చెప్పాపెట్టకుండా రావడమేంటే? మీ ఆయన పొద్దున్నుంచీ అన్నం ముట్టలేదు. పెట్టినా తినడు, పెట్టలేదనీ అనడు, ఆ మొద్దు. నేనేం చావాలి?"

శేషారత్నం లేచి నిలబడింది. గుడ్డ మూట విప్పి గొలుసును అత్తగారి ముందు పెట్టింది.

సీతారావమ్మ గారు దాన్ని చూసింది. ఆవిడ మాట ఆగడం ఆదెమ్మ ఆ రోజే మొదటిసారి చూసిందట. కాసేపటికి, "అంతవరకూ వచ్చిందన్నమాట" అంది. గొంతు బాగా తగ్గింది.

"కూర్చోండి, కాసిని మంచినీళ్ళు తాగండి. పడవ రావడానికి ఇంకా సమయముంది" అన్నారు అమ్మగారు. "గొలుసు చేతిలో పట్టుకుని పడవెక్కడం మంచిది కాదు. మెళ్ళో వేసుకోండి. అమ్మాయ్, మీ అత్తగారికి ఆ కొక్కెం పెట్టు. వెనక చేతులందక ఇబ్బంది పడతారు."

సీతారావమ్మ గారు తుంగచాప మీద కూర్చుంది. శేషారత్నం వెనక మోకాళ్ళ మీద కూర్చుని, నెరిసిన ముడి పక్కకు తప్పించి, గొలుసు కొసలు కలిపింది. కొక్కెం పాతది, ఒకపట్టాన పడదు. ఆ తంటాలు పడుతుండగానే ముందువైపు కాసు బరువు గుండెల మీదికి జారింది. ఎన్నాళ్ళ అలవాటో, సీతారావమ్మ గారి కుడిచెయ్యి దానంతటదే పైకి లేచి కాసును పట్టుకుంది. వేళ్ళు దాన్ని వెనక్కు తిప్పి, పైకెత్తి, అరచేతిలో పడుకోబెట్టాయి. ఆవిడ తల వంచింది. బొటనవేలు కాసు మీద మెల్లగా రాస్తూ ఉంది. పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి లేదు.

అత్తగారి భుజం మీదుగా శేషారత్నం ఆ అరచేతిలోకి చూసింది. చూసి, కొక్కెం వదిలేసింది.

"అత్తయ్యా! అమ్మవారు సరిగ్గా ఉంది!"

"సరిగ్గా ఉండక?" అంది సీతారావమ్మ గారు తల ఎత్తకుండానే.

నిజంగానే ఆ చేతిలో కూర్చున్నమ్మ నిటారుగా ఉంది. వేసుకున్న మనిషి గుండెల వైపు బెజ్జం ఉంది, అమ్మవారి కాళ్ళు బెజ్జం వైపు, తల దూరంగా అవతలి వైపు. గొలుసు పట్టుకుని వేలాడదీస్తే తలకిందులయ్యే ఆవిడ, వేసుకున్న మనిషి ఎత్తి చూసుకుంటే కుర్చీలో నిమ్మళంగా కూర్చుని ఎదురుగా కనపడుతోంది. కొమ్మ ఉన్న చెయ్యి ముందుకు చాపి ఉంది, ఏదో ఇస్తున్నట్టు. ముఖం మాత్రం లేదు. కన్నూ ముక్కూ అరిగిపోయి నున్నగా, పసుపు పూసిన గడపలా ఉంది.

"మరి మరిది తలకిందులుగా ఉందని అన్నప్పుడు చెప్పలేదేం అత్తయ్యా?"

"వాడు వేలాడదీసి చూశాడు. వేలాడదీస్తే ఎవరైనా తలకిందులే. వాడు మెళ్ళో వేసుకునేది కాదు, వాడికి చెప్పి ఏం లాభం?"

"నాకైనా చెప్పాల్సిందిగా!"

"నాకెవరు చెప్పారే? మా అత్తగారు మెళ్ళో వేసి ఊరుకుంది. చూసుకున్ననాడు చూసుకున్నాను. నీకూ పూర్తిగా ఇచ్చేస్తే నువ్వూ చూసుకుని ఉందువు." తర్వాతి మాట కోడలితో కాక తనతోనే అన్నట్టు అంది. "ఇవ్వలేకపోయాను. పండగకు వేసి, మళ్ళీ తీసుకునేదాన్ని. అలవాటు పడిన చెయ్యి. ఇద్దరు పిల్లలు కళ్ళముందు పోయినప్పుడు కూడా దీన్నే పట్టుకున్నాను. అవతల మా మామగారు అన్నం ఆలస్యమైందని అరుస్తుంటే, ఇవతల నేను పాలేళ్ళ మీద అరుస్తూనే ఉండేదాన్ని. నోరు దాని పని అది చేసేది. బొటనవేలు మాత్రం ఇక్కడ ఉండేది."

శేషారత్నం వెనక నుంచి ముందుకు వచ్చి, అత్తగారి మోకాళ్ళ దగ్గర కూర్చుంది. అమ్మగారిని అడిగిన ప్రశ్నే, ఇప్పుడు గొంతు తగ్గించి ఈవిడను అడిగింది. "కపటంగా ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదా అత్తయ్యా, బయటొకటీ లోపలొకటీ?"

"కపటమా?" సీతారావమ్మ గారు ఆ మాట కొత్తగా విన్నట్టు చూసింది. "అట్లా అనిపించడానికి తీరికెక్కడిదే తల్లీ!"

ఆదెమ్మ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. సీతారావమ్మ గారికి కూడా నవ్వు వచ్చింది. కాసును ముందుకు తిప్పి చూపించింది. "ఇదిగో, నేను చూసినప్పుడల్లా తలకిందులుగా కనపడేది మీ దొర. ఊరంతటికీ నిటారుగా ఉంటాడు, నాకు మాత్రం ఎప్పుడూ తల కిందే. పాపం, చెంప మీద గాటు కూడానూ."

"ఆవిడ లక్ష్మీదేవి కాదట అత్తయ్యా. ఆ రాజు తల్లి అయినా కావచ్చునట."

"తల్లయితే మరీ మంచిది. నేను పిలిచిందీ అమ్మా అనే కదా" అంది సీతారావమ్మ గారు.

అంతలో రేవులోంచి పడవవాడి కేక వినపడింది. సీతారావమ్మ గారు నేలకు చెయ్యి ఆనించి లేచింది. కోడలిని రమ్మనలేదు, ఉండమనీ అనలేదు. అమ్మగారికి నమస్కారం చేసి, రెండడుగులు వేసి, ఆగింది. మెళ్ళో గొలుసు తియ్యబోతే కొక్కెం సగమే పడి ఉండడంతో అది దానంతటదే ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని రెండు చేతులా విప్పి పట్టుకుని, వెనక్కు తిరిగి నిలబడింది. "పండగలకు కాదు. ఇక తియ్యను. రోజూ ఉంటుంది" అంది. "నీ ఇష్టం. ఇక్కడ ఉండిపోతానన్నా సరే, వేసే వెళతాను. అమ్మ నీ దగ్గరే ఉండనీ. మళ్ళీ అడగను."

శేషారత్నం తన సంచి వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత ముందుకు వచ్చి, అత్తగారి ముందు తల వంచింది. గొలుసు మెళ్ళో పడింది. ఈసారి కొక్కెం అమ్మగారే పెట్టారు. శేషారత్నం కాసు పట్టుకుని, వెనక్కు తిప్పి, అరచేతిలో పెట్టుకుని ఒక్కసారి చూసుకుంది. చూసుకుని, చేసిన వత్తుల బుట్ట అమ్మగారి ముందుకు జరిపి, సంచి తీసుకుంది.

"గారెల పప్పు ఎవరైనా రుబ్బారా అత్తయ్యా?"

"ఎవరు రుబ్బుతారే? అది నానీ నానీ ఈపాటికి నీ మొగుడి మూతిలా ఉబ్బి ఉంటుంది" అంటూ సీతారావమ్మ గారు మెట్లు దిగడం మొదలుపెట్టింది. కోడలు ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. పడవ ఏటి మధ్యకు పోయేదాకా సీతారావమ్మ గారి మాట ఇవతలికి వినపడుతూనే ఉందట, మధ్యలో రెండుసార్లు శేషారత్నం నవ్వు కూడా.

నేను ఆ ఇంటికి వచ్చేసరికి సీతారావమ్మ గారు లేరు. ఈ ముచ్చట నాకు చెప్పింది మా అత్తగారు శేషారత్నం గారే, అదీ నేను ఆ ఇంటికి వచ్చిన చాలా ఏళ్ళకు. అంతకుముందే కాసు నా మెళ్ళో వేశారు గానీ, ఒక్క ముక్క చెప్పలేదు. నా అంతట నేను చూసుకుని నవ్విన రోజున, వంటింట్లో పిలిచి కూర్చోబెట్టి ఇదంతా చెప్పారు. ఆ కూర్చున్నమ్మకు ముఖం ఇప్పుడు ఇంకా కాస్త నున్నబడింది.

పడవ అవతలి ఒడ్డు చేరాక, బుట్టలోని వత్తులు సర్దుతూ ఆదెమ్మ అడిగిందట. "ఇంతకీ అమ్మగారూ, ఆ బెజ్జం పెట్టినవాడెవడో, చూసుకోక పొరపాటున పెట్టాడంటారా, లేక తెలిసే పెట్టాడంటారా?"

గోవిందమాంబ గారు కొత్త దూది చేతిలోకి తీసుకున్నారు. "నాకేం తెలుసు ఆదెమ్మా? తల వంచి చూసుకున్నవాళ్ళను అడగాలి" అన్నారు.